ఎర్రర్ మెసేజ్ ఎవరితో మాట్లాడుతోంది?

ఇల్లెందు నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో టేకులపల్లి వస్తుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెంలో ఉంది. ఒకవైపు అడవి, కోయ గూడేలు, లంబాడీ తండాలు. మరోవైపు బొగ్గు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు పొరను గుర్తించాడు. 1889 నాటికి తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. టేకులపల్లి మండలంలోని కోయగూడెంలో ఉపరితల గని ఉంది. భూగర్భ గనుల్లో దిగినవాళ్లకు ఒక పని తప్పనిసరి: పనిచోట అడుగుపెట్టగానే పైకప్పును కర్రతోనో కడ్డీతోనో తట్టి వినడం. గట్టి రాయి ఖంగున మోగుతుంది, పొర విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. క్యాప్ ల్యాంప్ వెలుగులో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. కూలబోయే కప్పును ముందుగా పట్టేది చెవే. లోపాన్ని విని పసిగట్టడం అలా ఒక పరిశ్రమలో నిత్యకృత్యమైన ప్రాంతం ఇది. కంప్యూటర్ విషయానికి వచ్చేసరికి మాత్రం, చూపులేని మనిషి ఎర్రర్‌ను తానుగా పట్టుకుని సరిచేసుకోవడం అసాధ్యమన్నట్టు మనం మాట్లాడతాం. చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. పర్సనల్ కంప్యూటర్ తన లోపాన్ని మొదట చెవికే చెప్పింది, తర్వాత అక్షరంలో చెప్పింది, ఆ తర్వాత బొమ్మలో చెప్పడం మొదలుపెట్టింది. తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారి కష్టం ఆ మూడో మలుపు దగ్గర పుట్టింది.

1981 ఆగస్టులో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ బజారులోకి వచ్చింది. స్విచ్ వేయగానే అది తనను తాను పరీక్షించుకునేది. అన్నీ సరిగా ఉంటే పెట్టెలోని చిన్న స్పీకరు ఒక్కసారి పొట్టిగా బీప్‌మనేది. రెండు పొట్టి బీప్‌లు వస్తే లోపం ఉందనీ, దాని నంబరు తెర మీద ఉందనీ అర్థం. ఒక పొడుగు, ఒక పొట్టి వస్తే మదర్‌బోర్డులో తేడా. ఒక పొడుగు, రెండు పొట్టి వస్తే తెరకు బొమ్మ పంపే కార్డు పనిచేయడం లేదు. ఈ చివరి సంకేతం దగ్గర కాస్త ఆగాలి. తెరే వెలగనప్పుడు తెర మీద రాసి ప్రయోజనం లేదని ఇంజనీర్లకు తెలుసు, అందుకే చెవి దారి పట్టారు. అంధుల కోసం చేసిన ఏర్పాటు కాదది, వాళ్లు ఆ సంగతి తలచుకున్న దాఖలా కూడా లేదు. అయినా ఆ క్షణంలో చూపున్నవారూ లేనివారూ ఒకే సమాచారంతో, ఒకే చోటు నుంచి మరమ్మతు మొదలుపెట్టగలిగేవారు. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి ఆ బుల్లి స్పీకరు పెట్టి అమ్మరు. ఆ స్థానంలో రంగు దీపాలు వచ్చాయి, లేదంటే రెండంకెల కోడ్ చూపే చిన్న పలక వచ్చింది. ఖర్చు మిగిలిందో లేదో గానీ, నలభై ఏళ్ల కిందట చెవికి అందిన సమాచారం ఈరోజు అందకుండా పోయింది. యంత్రం ముందుకు వెళ్లేకొద్దీ అందరికీ దగ్గరవుతుందన్న నమ్మకాన్ని ఈ ఒక్క ఉదాహరణ ప్రశ్నిస్తుంది.

రెండో దశ డాస్ కాలం. ఆ తెర మీద అడ్డంగా 80, నిలువునా 25, మొత్తం 2,000 అక్షరాలకు చోటు. ఒక్కో అక్షరానికి మెమరీలో రెండు బైట్లు: ఒకటి అక్షరం, రెండోది దాని రంగు. అంటే తెర మొత్తం 4,000 బైట్లలో, తెలిసిన చిరునామాలో, వరుసగా కూర్చుని ఉండేది. స్క్రీన్ రీడర్ చేయాల్సిందల్లా ఆ చోటికి వెళ్లి అక్షరాలను ఏరి స్పీచ్ సింథసైజర్‌కు అందించడం. ఐబీఎంలో జిమ్ థాచర్, చూపులేని శాస్త్రవేత్త జెస్సీ రైట్ సాగించిన కృషి నుంచి 1986 ప్రాంతంలో డాస్‌కు స్క్రీన్ రీడర్ వచ్చింది. ఆ పేరే తర్వాత ఈ సాఫ్ట్‌వేర్ జాతి మొత్తానికి పేరైంది. కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న మోటార్‌సైకిల్ రేసర్ టెడ్ హెంటర్, బిల్ జాయిస్‌తో కలిసి 1987లో పెట్టిన కంపెనీ జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను తయారుచేసింది. ఫ్లాపీ సరిగా లేకపోతే డాస్ అడిగే ‘అబార్ట్, రీట్రై, ఫెయిల్’ ప్రశ్న చాలామందిని విసిగించి ఉండవచ్చు. కానీ అది అక్షరాల్లో ఉండేది, తెర మీద నిలిచి ఉండేది, జవాబు చెప్పేదాకా కదిలేది కాదు. జవాబు ఒక్క కీ. చూపులేని వాడుకరికి కావాల్సిన నాలుగు అంశాలూ అందులో ఉన్నాయి. ఆ పదేళ్లలో పాశ్చాత్య దేశాల్లో అంధ ప్రోగ్రామర్లు ఉద్యోగాల్లో కుదురుకున్నారంటే అందులో ఈ సాదా తెర పాత్ర పెద్దది.

తర్వాత బొమ్మల తెర వచ్చింది. మెకింటాష్ 1984లో, విండోస్ 3.0 1990లో. ఈ తెరకు అక్షరాలతో పని లేదు, దాని లెక్కంతా చుక్కలే. ‘ఫైల్ దొరకలేదు’ అన్న వాక్యం కంటికి వాక్యమే, మెమరీలో మాత్రం నల్లచుక్కల గుంపు. స్క్రీన్ రీడర్ వెళ్లి ఏరుకోవడానికి అక్కడ అక్షరమే లేదు. 1989లో బర్క్‌లీ సిస్టమ్స్ మెకింటాష్ కోసం ఔట్‌స్పోకెన్ అనే స్క్రీన్ రీడర్‌ను తెచ్చి, బొమ్మల తెరను కూడా పలికించవచ్చని చూపింది. ఆ పద్ధతి కష్టమైనది: ప్రోగ్రాములు ‘ఈ చోట ఈ అక్షరం గీయి’ అని వ్యవస్థకు పంపే ఆదేశాలను దారిలో కాపుకాసి పట్టుకోవడం, ఏ అక్షరం ఎక్కడ పడిందో సొంత పట్టిక రాసుకోవడం, ఆ పట్టికను చదవడం. 1991 డిసెంబరులో బైట్ పత్రికలో ఐబీఎంకు చెందిన రిచర్డ్ ష్వెర్డ్‌ట్‌ఫెగర్ దీన్ని వివరించాడు. పనిచేసింది గానీ పెళుసుగా పనిచేసింది. ప్రోగ్రాము అక్షరాలను తనే సొంతంగా బొమ్మగా చేసుకుని తెర మీద అతికిస్తే, కాపుకాసిన చోట ఏమీ పడేది కాదు. మామూలు కిటికీల్లో ఇబ్బంది తక్కువ. ఎర్రర్ దగ్గరే అసలు చిక్కు, ఎందుకంటే ఎర్రర్‌ను ప్రత్యేకంగా, ఎర్రగా, ఆకర్షణీయంగా కనబడేట్టు చేయాలని డిజైనర్లు తహతహలాడేవారు. అలా ముస్తాబు చేసిన ప్రతిసారీ అది మామూలు దారి తప్పి, స్క్రీన్ రీడర్ పట్టికలోంచి జారిపోయేది.

ఈ కాలంలో జరిగిన ఒక పోరాటం చాలామందికి తెలియదు. 1995లో విండోస్ 95 విడుదలైంది. అంధులు వాడలేని సాఫ్ట్‌వేర్‌ను కొనబోమని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం హెచ్చరించింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం కొనుగోలు ఆపుతానంటే కంపెనీ వినక తప్పలేదు. 1997లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ యాక్సెసిబిలిటీని తెచ్చింది. ఇక స్క్రీన్ రీడర్ చుక్కల్ని ఊహించనక్కర్లేదు. ‘నువ్వు ఎవరు, నీ పేరేమిటి, నీ స్థితి ఏమిటి’ అని ప్రతి బటన్‌నూ అడగవచ్చు, అది జవాబు చెబుతుంది. విండోస్ విస్టా కాలానికి యూఐ ఆటోమేషన్ అనే విస్తృత రూపం కూడా వచ్చింది. వీటి వల్ల విండోస్ తనకు తానుగా చూపే ఎర్రర్ పెట్టె పూర్తిగా చదవగలిగేదైంది: శీర్షిక, వాక్యం, బటన్లు, ఒక హెచ్చరిక శబ్దం. అది వచ్చినప్పుడు ఫోకస్, అంటే కీబోర్డు పనిచేసే చోటు, దాని మీదికే వెళుతుంది. కంట్రోల్‌తో సీ నొక్కితే అందులోని మొత్తం వాక్యం కాపీ అవుతుంది, నోట్‌ప్యాడ్‌లో అతికించుకుని తీరుబడిగా చదువుకోవచ్చు. చూపున్న వాడుకరుల్లో ఎక్కువమందికి ఈ సంగతే తెలియదు, వాళ్లు ఆ పెట్టెను ఫోటో తీసి ఎవరికో పంపుతారు. ఎర్రర్‌ను అక్షరంగా పట్టుకోవడం అంధ వాడుకరికి అలవాటైన చోట, మరమ్మతు పనిలో ఆయనే ఒక అడుగు ముందుంటాడు.

పుణేలో పుట్టి, పద్నాలుగేళ్ల వయసులో గ్లకోమాతో చూపు కోల్పోయి, కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసిన టీ.వీ. రామన్ 1995లో ఈమాక్‌స్పీక్ అనే మాట్లాడే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేశాడు. తెరను చదవడం అనే ఆలోచననే ఆయన పక్కన పెట్టాడు. తెర మీద ఏం పడిందన్నది వదిలేసి, ప్రోగ్రాము లోపల ఏం జరిగిందో అక్కణ్నుంచే మాటగా మలిచాడు. తప్పు జరిగితే ఒక ధ్వని, పని పూర్తయితే ఇంకో ధ్వని, ప్రోగ్రాములోని వేర్వేరు భాగాలకు వేర్వేరు గొంతులు. దీన్ని ఒక నిపుణుడు తన కోసం చేసుకున్న పరికరంగా చూడటం పొరపాటు. ఎర్రర్ అనేది మొదట ఒక సంఘటన, తెర మీద కనిపించేది దానికి ఉండగల రూపాల్లో ఒకటి మాత్రమే. ఈ తేడాను పనిలో పెట్టి చూపినందుకే నేను ఈమాక్‌స్పీక్‌ను ఈ చరిత్రలో జాస్‌తో సమానంగా లెక్కిస్తాను.

భారతదేశంలో మాత్రం చాలాకాలం అడ్డుపడింది ధరే. జాస్ అసలు ప్రతి వెల వెయ్యి డాలర్లకు అటూ ఇటూ ఉండేది. కంప్యూటర్ కంటే దాన్ని పలికించే సాఫ్ట్‌వేర్ ఖరీదైతే ఖమ్మం జిల్లాలో ఏ ఇంట్లో కొంటారు? 2006 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని యువకుడు ఉచిత స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. జేమ్స్ టే అనే మరో అంధ ప్రోగ్రామర్ తోడయ్యాడు. 2007లో ఎన్‌వీ యాక్సెస్ సంస్థ ఏర్పడింది. ఎన్‌వీడీఏ పుట్టుక ఇది. ఉచితం కావడం ఒక గుణం, మూలం తెరిచి ఉంచడం దానికంటే పెద్ద గుణం. ఒక ప్రోగ్రాములోని ఎర్రర్ చదవబడకపోతే ఎందుకు చదవబడలేదో వెతకడానికి ఎన్‌వీడీఏ లాగ్ పనికొస్తుంది. ఎన్‌వీడీఏ కీతో ఎఫ్1 నొక్కితే అప్పుడు ఫోకస్‌లో ఉన్న వస్తువు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆ లాగ్‌లో తెరుచుకుంటాయి: అది ఏ రకం వస్తువు, పేరుందా, ఏ ప్రోగ్రాముది. ఆ నాలుగు లైన్లు సాఫ్ట్‌వేర్ చేసినవారికి పంపితే, ‘మీ మెసేజ్ వినబడటం లేదు’ అనే ఫిర్యాదుకు సాక్ష్యం దొరికినట్టే.

చూపులేని వాడుకరి ఎర్రర్‌ను ఎదుర్కొనే తీరులో ఒక క్రమం ఈ మూడు దశాబ్దాల్లో స్థిరపడింది. పని ఆగిపోయింది, గొంతు మాత్రం ఉంది అనుకుందాం. మొదట ఎన్‌వీడీఏ కీతో టీ నొక్కి శీర్షిక వినాలి, ఏ కిటికీలో ఉన్నామో తెలుస్తుంది. తర్వాత ఎన్‌వీడీఏ కీతో బీ నొక్కితే ఆ కిటికీలో ఉన్నదంతా చదువుతుంది. ఏమీ అర్థం కాకపోతే ఆల్ట్‌తో ట్యాబ్ నొక్కి, వెనక ఎక్కడైనా ఒక పెట్టె ఫోకస్ లేకుండా తెరుచుకుని ఉందేమో వెతకాలి. కోడ్ ఉంటే న్యూమరిక్ ప్యాడ్ మీద 2 నొక్కుతూ ఒక్కో అక్షరం వినాలి, ఎందుకంటే సింథసైజర్ నోట బీ, డీ, ఈ ఒకదానిలా ఒకటి వినిపిస్తాయి. అదే కీని రెండుసార్లు గబగబా నొక్కితే బ్రావో, డెల్టా, ఎకో అని విడమరచి చెబుతుంది. పోలీసు వైర్‌లెస్‌లో, విమాన రంగంలో వాడే ఈ పద్ధతి ఇక్కడ ఒక హెక్స్ కోడ్‌ను కాపాడుతుంది. సున్నా ఎక్స్ 80070005 అంటే అనుమతి లేదు. చివరి అంకె 2 అయితే ఫైల్ దొరకలేదు. ఒక్క అంకె పొరబడితే మందు వేరే రోగానికి పడుతుంది.

గొంతే పోతే పరిస్థితి వేరు. ఈ నిశ్శబ్దానికి కనీసం నాలుగు కారణాలుంటాయి: స్పీకరు మూగబోయింది, స్పీచ్ ఇంజన్ ఆగింది, స్క్రీన్ రీడర్ బిగుసుకుపోయింది, లేదా విండోస్ మొత్తమే ఆగిపోయింది. చూపున్న మనిషి ఒక్క చూపుతో తేల్చేసేదాన్ని ఇక్కడ ప్రయోగాలతో తేల్చాలి. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్‌లతో కలిపి బీ నొక్కితే డిస్‌ప్లే డ్రైవర్ మళ్లీ మొదలై ఒక బీప్ వినిపిస్తుంది. ఆ బీప్ వచ్చిందంటే యంత్రం ప్రాణంతో ఉంది, స్పీకరు కూడా పనిచేస్తోంది, తప్పు స్క్రీన్ రీడర్‌దో దాని స్పీచ్ ఇంజన్‌దో. అప్పుడు కంట్రోల్, ఆల్ట్‌లతో ఎన్ నొక్కి ఎన్‌వీడీఏను మళ్లీ లేపవచ్చు. అది లేవకపోతే విండోస్ కీ, కంట్రోల్‌తో ఎంటర్ నొక్కి విండోస్ సొంత స్క్రీన్ రీడర్ నేరేటర్‌ను పిలవవచ్చు. ఒక స్క్రీన్ రీడర్ పడిపోతే ఇంకొకటి చేయందించాలన్న ఈ ఏర్పాటు విండోస్ 2000తో నేరేటర్ వచ్చినప్పటి నుంచి మెరుగుపడుతూ వచ్చింది. విస్టాలో వచ్చిన అనుమతి పెట్టె ఇంకో చిక్కు తెచ్చింది. భద్రత కోసం అది వేరే తెర మీద తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపే ఎన్‌వీడీఏ ప్రతికి అక్కడ ప్రవేశం లేదు, యంత్రంలో ఇన్‌స్టాల్ చేసిన దానికే ఉంది. ఇంటర్నెట్ సెంటర్లో, కాలేజీ ల్యాబ్‌లో పరాయి కంప్యూటర్ వాడే విద్యార్థికి ఇది హఠాత్తుగా వచ్చే నిశ్శబ్దం, దానికి మందు ఆ ల్యాబ్ నడిపేవారి చేతిలో ఉంటుంది.

నీలితెర ఈ కథలో అన్నిటికంటే కఠినమైన ఘట్టం. 1993లో విండోస్ ఎన్‌టీతో మొదలైన ఈ ఆఖరి ఎర్రర్, వ్యవస్థ కెర్నల్ కూలినప్పుడు వస్తుంది. స్క్రీన్ రీడర్ ఆ వ్యవస్థలోనే నడిచే ప్రోగ్రాము కాబట్టి దానితోపాటే ఆగుతుంది. తెర మీద వాక్యం ఉంది, చదివే గొంతు లేదు. 2016లో మైక్రోసాఫ్ట్ దానికి క్యూఆర్ కోడ్ జతచేసింది. ఫోన్ కెమెరా సరిగ్గా గురిపెట్టగలవారికి అది మేలు చేసింది, గురి తెలియనివారికి ఇంకో బొమ్మగానే మిగిలింది. ‘ఇది సాంకేతికంగా తప్పనిసరి, ఇక్కడ ఎవరినీ తప్పుపట్టలేం’ అని వాదించేవారున్నారు. కూలిన క్షణం వరకు వారి మాట నిజమే. కానీ విండోస్ తిరిగి లేచాక ఈవెంట్ వ్యూయర్‌లో ఆ కోడ్ మొత్తం అక్షరాల్లో దొరుకుతుంది. 1001 నంబరు ఘటనలో బగ్‌చెక్ వివరాలు, 41 నంబరు ఘటనలో కంప్యూటర్ సరిగా మూతపడకుండా తిరిగి మొదలైందన్న సమాచారం. అదే మెషీన్, అదే తప్పు. తెర మీది బొమ్మలో అందనిది లాగ్‌లోని అక్షరంలో అందుతోంది. అంధ నిపుణులు కమాండ్ లైన్‌నూ లాగ్‌లనూ అంతగా ఇష్టపడటం వెనక ఉన్నది ఇదే. వారి అభిరుచిగా దాన్ని చెప్పుకుంటారు గానీ, వాళ్లకు మిగిలిన దారుల్లో దగాచేయనిది అదొక్కటే.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఈ చరిత్రకు ఇంకో పొర చేరుతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగు ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా డీటీపీ లోకం అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లతోనే చాలాకాలం నడిచింది, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం రూపం మాత్రమే తెలుగు, లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కోడ్. స్క్రీన్ రీడర్ రూపాన్ని చూడదు, కోడ్‌ను చదువుతుంది. దాంతో శుభ్రమైన తెలుగు పేజీ అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వాగుడుగా వినిపిస్తుంది. ఈ వాగుడు వచ్చినప్పుడు కొత్త వాడుకరి తన స్పీచ్ ఇంజన్ పాడైందనుకుని దాన్ని తీసేసి మళ్లీ వేస్తాడు. లోపం ఫైల్‌లో ఉంది. ఇలా పక్కదారి పట్టిన మరమ్మతులకు కారణం ఆ ఫైల్ చేసినవాడి ఫాంటు. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్‌లో తెలుగు గొంతు ఉంది, లైనక్స్‌లో ఫెస్టివల్‌కు తెలుగు గొంతు చేర్చారు, ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ తెలుగు గొంతు వినసొంపుగా ఉంది. టేకులపల్లి మండలంలో ఇంట్లో కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలకు మాత్రం ఈస్పీక్ భాషల పట్టికలో గొంతు లేదు. తెలుగు వారికి రెండో భాష, ఎర్రర్ వచ్చే ఇంగ్లిష్ మూడోది.

‘అయితే అసలు సమస్య ఇంగ్లిషే కదా, స్క్రీన్ రీడర్ సంగతి తర్వాత’ అని ఒక అభ్యంతరం వస్తుంది. బలమైన అభ్యంతరమే, ఎర్రర్ మెసేజ్‌లు తెలుగులో ఉండాలని నేనూ కోరుకుంటాను. అయితే అనువాదం ఒక్కటే సరిపోదు. తెలుగులోకి మార్చిన వాక్యం బొమ్మగా ఉంటే అది తెలుగు గొంతుకూ వినబడదు. ఇంగ్లిష్ వాక్యమైనా అక్షరాల్లో ఉంటే కాపీ చేసి అనువదించుకోవచ్చు, దాన్ని వెతికి పరిష్కారం పట్టవచ్చు. అనువాదం చేసేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి: పక్కనే కోడ్ నంబరును అలాగే ఉంచాలి. తెలుగు వాక్యంతో వెతికితే దొరికే సహాయం తక్కువ, అంకెతో వెతికితే ప్రపంచం మొత్తం సహాయం దొరుకుతుంది. అక్షరం అందాక భాష సంగతి చూసుకోవచ్చు, అక్షరమే అందకపోతే ఏ భాషా పనికిరాదు.

వెబ్ వచ్చాక పాత తప్పు మళ్లీ జరిగింది. ఫారం నింపి సబ్మిట్ నొక్కితే, తప్పు నింపిన గడి చుట్టూ ఎర్ర గీత వస్తుంది. ఫోకస్ బటన్ మీదే ఉంటుంది, గొంతు ఏమీ అనదు. వాడుకరి మళ్లీ నొక్కుతాడు, మళ్లీ నొక్కుతాడు. 2008 డిసెంబరులో వెలువడిన వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల రెండో కూర్పు ఈ విషయంలో నిక్కచ్చిగా చెప్పింది: ఏ గడిలో తప్పుందో గుర్తించాలి, ఆ తప్పును అక్షరాల్లో వివరించాలి, రంగు ఒక్కదాని మీద ఆధారపడకూడదు. 2014లో వెబ్ పేజీల అందుబాటు కోసం వచ్చిన ఏరియా (ARIA) ప్రమాణం ‘అలర్ట్’ అనే గుర్తును ఖాయం చేసింది. ఆ ఒక్క మాట కోడ్‌లో పెడితే, ఎర్రర్ రాగానే స్క్రీన్ రీడర్ చేస్తున్నది ఆపి దాన్ని చదువుతుంది. ఒక్క మాట! ఇంత చవకైన మరమ్మతు చేయకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, స్కాలర్‌షిప్, పరీక్ష దరఖాస్తు అన్నీ ఆన్‌లైన్ అయ్యాక, ఆ ఒక్క మాట ఉందా లేదా అన్నది ఒక గిరిజన విద్యార్థి ఆ ఏడాది చదువును తేల్చేస్తుంది. 2011 నుంచి మీసేవ కేంద్రాలున్నాయి కదా, అక్కడివాళ్లు నింపుతారు కదా అంటారు. నింపుతారు, చాలామందికి అదే ఆధారం. అయితే ఓటీపీ, బ్యాంకు ఖాతా, వైకల్య ధ్రువపత్రం వంటివి పరాయి చేతికి ఇవ్వక తప్పని స్థితిని సౌకర్యం అనలేం. పైగా ఆ కౌంటర్ దగ్గర పనిచేసే ఉద్యోగమే చూపులేని మనిషికి వస్తే, అతను ఎవరిని పిలవాలి?

‘ఇంత కొద్దిమంది కోసం అంత శ్రమా?’ అన్నది ఇంకో ప్రశ్న. 2011 జనగణన లెక్కలో దేశంలో చూపు వైకల్యం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. వారిలో కంప్యూటర్ వాడేవారు కొద్దిమందే కావచ్చు. కానీ ఆ కొద్దితనం దారి మూసి ఉన్నందువల్ల వచ్చింది. హైదరాబాద్‌లో 1991లో దేవ్‌నార్ అంధుల పాఠశాల మొదలైంది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన, చూపులేని శ్రీకాంత్ బొల్లా హైదరాబాద్‌లో చదువుకుని, పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి ప్రభుత్వంతో కోర్టులో పోరాడి గెలిచి, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లి, తిరిగొచ్చి 2012లో పరిశ్రమ పెట్టాడు. అంధులకు సైన్సు ఇవ్వకూడదన్న నిబంధన మారకముందు లెక్కపెడితే ఇంటర్ సైన్సులో అంధ విద్యార్థుల సంఖ్య సున్నా వచ్చేది. ఆ సున్నాను చూపి నిబంధన మార్చనక్కర్లేదని వాదించడం ఎంత తప్పో, వాడేవారు కొద్దిమందేనని శ్రమ అక్కర్లేదనడమూ అంతే తప్పు.

ఇటీవల వినిపిస్తున్న వాదన కృత్రిమ మేధ. 2017లో ఎన్‌వీడీఏలోకి విండోస్ ఓసీఆర్ వచ్చింది, బొమ్మలోని అక్షరాలను అది గుర్తుపట్టి చదువుతుంది. 2023లో అంధులకు సాయపడే బీ మై ఐస్ తన యాప్‌లో ఫోటోను వివరించే ఏఐని తెచ్చింది. నీలితెరను ఫోన్‌తో ఫోటో తీసి చదివించుకోవడం ఇప్పుడు సాధ్యమే. ఇది గొప్ప మేలు, దీన్ని తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ వచ్చిన ఎర్రరే ‘ఇంటర్నెట్ లేదు’ అయితే? అడవి అంచు ఊళ్లలో అది అరుదుగా వచ్చే ఎర్రర్ కాదు. ఏఐ ఒక అంకెను పొరబడి నమ్మకంగా చెబితే వినేవాడికి సరిచూసుకునే దారి లేదు. ఫోటోలో ఖాతా నంబరు ఉంటే అది ఎక్కడికి వెళుతుందో తెలియదు. ఐదు సెకన్లు కనిపించి మాయమయ్యే నోటిఫికేషన్‌ను ఫోటో తీసే వ్యవధే ఉండదు. అన్నిటికంటే ముందు, ఎర్రర్ వచ్చిందని తెలిస్తేనే కదా ఫోటో తీయడం! అక్షరంగా పుట్టినదాన్ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మను మళ్లీ అక్షరంగా ఊహించే ఈ చుట్టుదారి, మొదటి అడుగే వేయకపోతే అవసరం పడదు.

చట్టం ఈ విషయంలో ఆలస్యంగానైనా స్పష్టంగా మాట్లాడుతోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉన్నా, 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు అందుబాటు ప్రమాణాలు సూచనలుగా మిగలకూడదని, తప్పనిసరి నిబంధనలు కావాలని తేల్చింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయన నివేదిక హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం తయారుచేసింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో అదే కోర్టు, డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని చెప్పింది. కెమెరా ముందు కనురెప్ప ఆడిస్తేనే కేవైసీ పూర్తయ్యే పద్ధతి అక్కడ ప్రశ్నకు వచ్చింది. మసాచుసెట్స్ కొనుగోలు ఆపుతానని బెదిరించిన ముప్పై ఏళ్లకు ఇక్కడ ఆ మాట కోర్టు నోట వచ్చింది. ఇక మిగిలింది పరీక్షించే పద్ధతి. పోర్టల్ సిద్ధమయ్యాక స్క్రీన్ రీడర్‌తో ఒకసారి ఫారం నింపి చూసి, సబ్మిట్ అయ్యింది కదా అని ధ్రువపత్రం ఇచ్చేస్తే ఆ పరీక్ష సగమే. ఆధార్‌లో ఒక అంకె తప్పుగా కొట్టించాలి. ఫోటో సైజు పెద్దది పెట్టించాలి. సగంలో నెట్ తీసేయాలి. సెషన్ గడువు దాటేదాకా ఆగాలి. ఒక్కోసారీ ఏ వాక్యం వినిపించిందో, ఫోకస్ ఎక్కడికి వెళ్లిందో చూపులేని పరీక్షకుడు రాసివ్వాలి. ఆ కాగితం మీద సంతకం పడేదాకా సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆఖరి బిల్లు చెల్లించకూడదు.